ఆఫ్రికా చేపలూ విత్తనాల మడుగూ

మా మేడ మీద వాటాలో ఈ మధ్య ఒక కొత్త జంట దిగింది. ఇద్దరూ ఉద్యోగస్థులే. దిగిన వారానికే ఓ పెద్ద గాజు తొట్టి కొనుక్కొచ్చారు. అందులో ఆఫ్రికా చేపలు పెంచుతారట, పసుపు రంగువీ నీలం రంగువీ. నేను చేపల శాఖలో పనిచేసి రిటైరైన వాడినని ఎవరో చెప్పినట్టున్నారు. ఆ అమ్మాయి కిందికొచ్చి, "తాతగారూ, మొదటిసారి పెడుతున్నాం. ఎలా మొదలుపెట్టాలో చెప్పండి" అంది.

"ఇసక బాగా కడుగు. రాళ్లు పేర్చు. నీళ్లు పొయ్యి. ఆ తర్వాత నెల రోజులు చేతులు కట్టుకుని కూర్చో."

"మరి చేపలో?"

"చేపలు ఇప్పుడే వద్దమ్మా. ముందు నీళ్లు పాతబడాలి."

ముసలాయన వేళాకోళం ఆడుతున్నాడనుకుని నవ్వుతూ వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ సాయంత్రం ఒక చోట కూర్చోలేకపోయాను. వసారాలో ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉన్నాను. కాఫీ చల్లారిపోయింది. పేపరు మడత విప్పలేదు. కాలు నిలవకపోవడం నాకు పాత జబ్బు. అది నాకు చోడవరంలో పట్టుకుంది.

శాఖలో కొత్తగా చేరిన మీలాంటి వాళ్లు అప్పుడప్పుడు నన్ను సభలకి పిలుస్తారు. శాలువా కప్పి, "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటారు. నేను కూడా ఏవో నవ్వొచ్చే సంగతులు చెప్పి, పెట్టిన ఉప్మా తినేసి వస్తాను. ఈ సంగతి మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు. శాలువా కప్పించుకుని చెప్పదగ్గది కాదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

అవి యాభైల నాటి రోజులు. నాకు ఇరవై మూడేళ్లు. చోడవరం బ్లాకు ఆఫీసులో చేపల పని చూడ్డానికి ఫీల్డు అసిస్టెంటుగా నన్ను వేశారు. టెంపరరీ ఉద్యోగం. కొన్ని నెలలకోసారి పైనుంచి పొడిగింపు కాగితం రావాలి. రాకపోతే పెట్టె సర్దుకోవాలి. ఆ కాగితం వచ్చే రోజులు దగ్గర పడితే టపా బంట్రోతు సైకిలు గంట వినగానే వరండాలోకి పరిగెత్తేవాణ్ణి. మా నాన్నగారు పోయి అప్పటికి రెండేళ్లు. ఇంట్లో అమ్మా, ఇద్దరు చెల్లెళ్లూ నా మీదే ఉన్నారు. అందుకని నాకు ఆ ఉద్యోగం పర్మనెంటు కావడం కంటే ఈ లోకంలో పెద్ద విషయం మరొకటి లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత దీన్ని సాకుగా చెప్పుకున్నట్టు ఉండకూడదు.

చోడవరం అంటే చెరకు. ఏ దారిన పోయినా చెరకు తోటలూ, బెల్లం వండే పొయ్యిల పొగా, అనకాపల్లి వైపు పోయే బళ్లూ. ఆ ఊళ్లో చేపల గురించి మాట్లాడేవాడిని చూసి రైతులు మర్యాదగా నవ్వి ఊరుకునేవారు. అలాంటి చోటికి ఒక రోజు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆఫ్రికా నుంచి సింహళం మీదుగా మన దేశానికి ఒక కొత్త చేప వచ్చింది, పేరు తిలాపియా. ఏ నీళ్లలోనైనా బతుకుతుంది, ఏది వేసినా తింటుంది, తొందరగా పిల్లలు పెడుతుంది. దాన్ని చెరువుల్లో వదలబోతున్నాం. ముందుగా జనానికి చూపించడానికి ఆఫీసు వరండాలో ఒక గాజు తొట్టి ఏర్పాటు చేయవలసినది. ఇదీ దాని సారాంశం. మా మేడ మీద వాళ్లు తెచ్చుకుంటున్న రంగుల చేపలకి అది దగ్గర చుట్టమే.

మా బ్లాకు ఆఫీసరుగారు ఎప్పుడూ జీపులో ఒక కాలు పెట్టి మాట్లాడే మనిషి. "ఏమయ్యా, తొట్టి ఎలా కట్టాలో తెలుసా?" అని అడిగారు. తెలుసన్నాను. అంతకుముందు ట్రైనింగులో ఒకే ఒక తొట్టిని దూరం నుంచి చూశాను.

ఇనప చట్రం ఊళ్లో కమ్మరి చేసిపెట్టాడు. గాజు పలకలు గోనెల్లో చుట్టి, అనకాపల్లిలో బెల్లం దింపేసి తిరిగొచ్చే బండి మీద తెప్పించాం. సందుల్లో గుగ్గిలం, నూనె కలిపి కూరాం. మొదటి రోజు నీళ్లు పోస్తే తొట్టి నాలుగు మూలలా ఏడ్చింది. ఆ నీళ్లు వరండా దాటి ఎరువుల ఫైళ్లున్న గదిలోకి వెళ్లాయి. గుమాస్తాలు ఆ ఫైళ్లని పెరట్లో తాడు కట్టి ఆరేశారు. మూడోసారికి తొట్టి నిలిచింది. శారదా నది ఇసక కడిగి అడుగున పరిచి, రాళ్లు పేర్చి, నాచు వేశాం. అప్పుడు విశాఖపట్నం వెళ్లి, పన్నెండు చేపలున్న రేకు డబ్బాని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. దారి పొడుగునా నా పంచె తడుస్తూనే ఉంది. పక్కన కూర్చున్నావిడ, "ఏటి బాబూ, ఒంట్లో బాగోలేదేటి?" అని జాలిగా అడిగింది.

తొట్టిని చూడ్డానికి జనం బాగానే వచ్చారు. చెరకు తోలుకెళ్లేవాళ్లు బళ్లు ఆపి మరీ చూశారు. ఆఫీసు బంట్రోతు, నా కంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు, ఆ తొట్టికి తనే యజమానినని తీర్మానించుకున్నాడు. జబ్బ మీద తువ్వాలుతో గాజు తుడుస్తూ వచ్చినవాళ్లకి ఆఫ్రికా గురించి తనకి తోచింది చెప్పేవాడు. నేను దేవరాపల్లి వైపు చెరువులు చూడ్డానికి మూడు రోజులు క్యాంపు వెళ్తూ, "తొట్టి శుభ్రంగా ఉంచు. పైవాళ్లు ఎప్పుడైనా రావచ్చు" అని అతనికి చెప్పాను. ఆ ఒక్క మాటే చెప్పాను. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

తిరిగి వచ్చేసరికి తొట్టి తళతళ మెరుస్తోంది. నీళ్లు తేటగా ఉన్నాయి. అందులో మూడు చేపలున్నాయి. మిగతా తొమ్మిదీ పెరట్లో అరిటాకు మీద వరసగా ఉన్నాయి.

జరిగింది ఇది. మా ఊరికి చుట్టంగా వచ్చిన చేపకి ఉత్త నీళ్లేనా అని వచ్చినవాళ్లందరూ తలా ఓ బెల్లం ముక్క వేశారు. చోడవరంలో గుమ్మంలోకి వచ్చినవాడికి నోరు తీపి చెయ్యకుండా పంపరు. రెండో రోజుకి నీళ్లు తెల్లగా విరిగి పులిసిన వాసన కొట్టాయి. బంట్రోతు చేపల్ని బకెట్టులోకి తీసి, తొట్టిలో నీళ్లన్నీ పారబోసి, ఇసకా రాళ్లూ ఎండలో వేసి, గాజుని చింతపండు పెట్టి తోమి, బావి నీళ్లు నింపాడు. మర్నాడు పొద్దున్న మళ్లీ అలాగే చేశాడు. ఇంట్లో బిందె తోమినట్టు, రోజూ.

నేను వరండాలో నిలబడి అందరి ముందూ కేకలేశాను. నోటికొచ్చినట్టు మాట్లాడాను. అతను తువ్వాలు తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"నిలవ నీళ్లు మావు తాగం గదా బాబూ. మరి ఆటికి మాత్రం ఎలా పెడతాం?" అన్నాడు. "తవరే గదా సుబ్బరంగా ఉంచమన్నారు?"

"బుద్ధుండాలి. తెలియకపోతే అడగాలి" అన్నాను.

"తెలీదని తెలిస్తేనే గదా బాబూ అడుగుతాం" అన్నాడు మెల్లగా. ఆ మాటకి నాకు ఇంకా కోపం వచ్చింది. నిజానికి తొట్టి నీళ్లు పాతబడితేనే చేపకి పడతాయని, ఒక్కసారి అన్నీ మారిస్తే చస్తుందని నాకు తెలుసు. అతనికి చెప్పడం నా పని. చెప్పలేదు. కేకలు మాత్రం బాగా వేశాను. అతను వారం రోజులు నాకు మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టేవాడు కాని మాట్లాడేవాడు కాదు.

మిగిలిన మూడింట్లో ఒకటి మగది, రెండు ఆడవి. ఈసారి బెల్లం వెయ్యరాదని పలక రాయించి పెట్టాను. చదవలేని వాళ్ల కోసం బంట్రోతే పక్కన నిలబడ్డాడు. రోజుకి రెండు చెంబుల నీళ్లు తీసి రెండు చెంబులు పోసేవాళ్లం. తొట్టి గోడలకి పచ్చ పట్టింది. ఎండలు ముదిరేసరికి మగ చేప నల్లబడి, రెక్కల అంచులు ఎర్రబడ్డాయి. నోటితో ఇసక ఎత్తి పోస్తూ పళ్లెమంత గొయ్యి తవ్వింది. దాన్ని చూస్తుంటే నన్ను నేను చూసుకున్నట్టుండేది. క్షణం కుదురు లేదు. తొట్టి కళగా ఉంటుందని నేను అందులో నాలుగు పరిగెలు, మన నాటు చిన్న చేపలు, కూడా వేశాను. వాటిని అది మూలకి తరిమి తరిమి కొట్టింది. మూడు రోజుల్లో ఒక్క పరిగెకీ తోక మిగల్లేదు. తర్వాత పరిగెలే మిగల్లేదు.

అప్పుడే ఒక ఆడ చేప తిండి మానేసింది. దవడలు ఉబ్బిపోయి, నోరు గట్టిగా బిగించి ఒక మూల ఉండిపోయింది. జబ్బు చేసిందనుకున్నాను. ఉప్పు వేశాను. అయినా తినలేదు. ఇది కూడా పోతే పై ఆఫీసుకి ఏమని రాయాలా అని ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాను. ఆ సమయానికి చెరువు పెద్ద వచ్చాడు.

ఈయన చీడికాడ దారిలో ఉన్న ఒక చెరువులో చేపలు పట్టే కుటుంబాలకి పెద్ద. అరవై దాటినవాడు. మాట తక్కువ. కొత్త చేపని మొదట వదలబోయేది వాళ్ల చెరువులోనే కాబట్టి చూసిపోదామని నడిచి వచ్చాడు. తొట్టి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"దీనికి జబ్బు కాదు బాబూ" అన్నాడు. "నోట్లో పిల్లలున్నాయి. సూడండి, దవడ ఎలా ఆడతందో."

నేను నవ్వాను. మర్నాటి పొద్దున్న ఆ చేప నోరు తెరిచింది. ఆవగింజల్లాంటి పిల్లలు కుప్పగా బయటికొచ్చాయి. నేను గాజు మీద వేలు పెట్టగానే మళ్లీ తల్లి నోట్లోకి దూరిపోయాయి. పదిహేను రోజులు తిండి లేకుండా ఆ తల్లి వాటిని మోసింది. ట్రైనింగులో ఇచ్చిన పుస్తకంలో ఆ సంగతి ఉంది. నేను ఆ పేజీ దాకా చదవలేదు.

రెండు రోజుల తర్వాత పెద్దాయన మళ్లీ వచ్చాడు. పిల్లల్ని చూశాడు. పరిగెలేవని అడిగాడు. చెప్పాను. లేచి, కండువా దులుపుకుని, "మా సెరువులో ఇది వొద్దు బాబూ" అన్నాడు.

"ఎందుకు? మీకే మంచిది. ఎప్పుడూ చేపలుంటాయి."

"ఓపాలి మా మడుగు సూసి మాటాడండి. రండి."

సైకిలు మీద వెంట వెళ్లాను. చెరువు అప్పటికే నెర్రెలు తీసి ఎండిపోయింది. ఒక మూల, గట్టు కింద, నాలుగు గదుల ఇల్లంత వెడల్పున నీళ్లున్నాయి. చుట్టూ తుమ్మ కంప వేసి ఉంది. దాన్ని వాళ్లు విత్తనాల మడుగు అంటారు. చెరువు ఎండేటప్పుడు చేపలన్నీ పట్టి, మంచి జతలు చూసి కొరమేనుల్నీ జెల్లల్నీ పరిగెల్నీ అందులో వదిలేస్తారు. ఇక వానలు పడేదాకా అందులో ఎవరూ వల వెయ్యరు, గాలం వెయ్యరు. ఇంట్లో పెళ్లి జరుగుతున్నా వెయ్యరు. వానకి చెరువు నిండితే ఆ జతల పిల్లలే చెరువంతా. ప్రతి వేసవికీ ఒకరు ఆ మడుగుకి కాపు, అంటే కాపలా మనిషి. చెరువులో వల దింపిన రోజు తొలి చేప ఆ కాపుకే ఇస్తారు. మడుగు నిలబెట్టినవాడిదే తొలి చేప.

"ఈ నీళ్లలో ఆ నల్లోడు పడితే ఇంకేటి మిగుల్తాది బాబూ? తొట్టిలో పరిగెలకి అయినట్టే అవుద్ది. అంతగా వెయ్యాల్సొస్తే వానలొచ్చేక పెద్ద నీళ్లలో ఏసుకోండి. అప్పుడైతే మా సేపలకి తప్పుకునే సోటుంటాది. ఈ మడుగులో మాత్రం ఒద్దు. ఈ ముక్క తవరు పెద్దోళ్లకి సెప్పాల."

ఆయన చెప్పింది నాకు పూర్తిగా అర్థమైంది. తొట్టిలో నా కళ్లతో చూశాను. "చెప్తాను" అన్నాను. "తప్పకుండా చెప్తాను పెద్దాయనా."

"సెప్పండి. మాకు నోరు లేదు. తవరికుంది" అన్నాడు.

కొత్త చేపల్ని వదలడానికి పెద్దాఫీసరుగారి టూరు వైశాఖంలో ఖాయమైంది. చోడవరం దగ్గర చెరువుల్లో అప్పటికి నీళ్లున్నది ఆ మడుగు ఒక్కటే. నేను బ్లాకు ఆఫీసరుగారి దగ్గరికి వెళ్లి, "సార్, వానల దాకా ఆగితే బాగుంటుందేమో" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

ఆయన జీపులో కాలు పెట్టి ఆగారు. "ఎల్లుండి ప్రోగ్రాం పెట్టుకుని ఇప్పుడా ఈ కబురు? ఫోటోగ్రాఫరు కూడా వస్తున్నాడు. చూడవయ్యా, నిన్ను పర్మనెంటు చెయ్యమని నేను రాశాను. ఆ కాగితం మీద సంతకం చెయ్యాల్సింది ఎల్లుండి వచ్చే ఆయనే. లేనిపోని చిక్కులు తేకు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నా మంచి కోరే అన్నారు.

ఆ మర్నాడంతా నా కాలు నిలవలేదు. ఆఫీసు పనిమీద ఊళ్లో ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. పెద్దాఫీసరుగారికి ఎలా చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. మొదట నమస్కారం, తర్వాత తొట్టిలో పరిగెల సంగతి, తర్వాత మడుగు. మూడు వాక్యాలు. బట్టీ పట్టాను. బంట్రోతు నన్ను చూసి, "ఏటి బాబూ అలా కాలు కాలిన పిల్లిలాగ తిరుగుతన్నారు?" అని నవ్వాడు. మళ్లీ నాతో వేళాకోళం ఆడ్డం మొదలుపెట్టాడన్నమాట.

ఆ రోజు ఎండ మండిపోతోంది. మడుగు చుట్టూ కంప తీసేసి తాటాకు పందిరి వేశారు. విశాఖపట్నం నుంచి రెండు డ్రమ్ముల చేపలు వచ్చాయి. ఊరివాళ్లని దూరంగా గట్టు మీద నిలబెట్టారు. వాళ్లలో పెద్దాయన ముందున్నాడు, కండువా తల మీద వేసుకుని. మా అధికార్లందరూ నీటి ఒడ్డున ఉన్నారు. పెద్దాఫీసరుగారు నెమ్మదస్తుడు, కళ్లజోడు మనిషి. డ్రమ్ము మూత తీయబోతూ ఆగి, నా వైపు తిరిగి స్వయంగా అడిగారు.

"ఇందులో మన లోకల్ చేపలేమైనా ఉన్నాయా?"

ఇంతకంటే సుళువుగా ఎవరూ అడగరు. నేను కూర్చుకున్న మూడు వాక్యాలూ నోట్లోనే ఉన్నాయి. ఆయన వినేవాడే. ఇప్పటికీ నా నమ్మకం అది, అడిగినవాడు వింటాడు కదా. బ్లాకు ఆఫీసరుగారు నన్ను చూడను కూడా లేదు. నన్ను ఎవరూ బెదిరించలేదు.

"పెద్దగా ఏమీ లేవు సార్" అన్నాను.

ఫోటో తీశారు. డ్రమ్ములు వంచారు. నీళ్లలో ఒకసారి తెల్లగా మెరిసి అవి అడుగుకి పోయాయి. అందరం చప్పట్లు కొట్టాం. నేను గట్టు వైపు చూడలేదు. నెలలోపే నా పర్మనెంటు కాగితం వచ్చింది. అమ్మ ఊళ్లో అందరికీ పంచదార పంచింది. బంట్రోతు నాకు దండ వేశాడు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. చెరువు నిండింది. నేను ఆ దారిన వెళ్లవలసి వచ్చినప్పుడల్లా రోలుగుంట మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. మాఘంలో వల దింపుతున్నామని కబురొస్తే తప్పక వెళ్లాను. వల నిండుగానే వచ్చింది. అన్నీ వేలెడేసి ఆఫ్రికా చేపలు. పెరగడానికి తీరిక లేకుండా పిల్లల్ని పెడుతూ పోయాయి. వెతగ్గా వెతగ్గా రెండు జెల్లలు దొరికాయి. కొరమేను ఒక్కటీ లేదు. ఆడవాళ్లు బుట్టల్లో ఆ సన్న చేపల్ని చూసి, సంతకి తీసుకెళ్లాలా, దిబ్బ మీద పొయ్యాలా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కోపంగా ఎవరైనా నన్ను నాలుగు తిడితే బాగుండుననిపించింది. ఒకావిడ నాకు కూర్చోడానికి పీట వేసింది.

ఆ వేసవిలో పెద్దాయన ఒక నిర్ణయం తీసుకున్నాడు. విత్తనాల మడుగుని ఎండగట్టాలి. అడుగు కనపడేదాకా తోడెయ్యాలి. అవి చచ్చాక శారదా నది మడుగుల నుంచి పెద్ద కొరమేనుల్ని తెచ్చి వదలాలి. ఇరుకు మడుగులో గుంపుగా పడి అవి మన చేపల గుడ్లనీ పిల్లల్నీ మిగల్చలేదు గాని, విడిగా దొరికితే పెద్ద కొరమేను వీటి పిల్లల్ని తినేస్తుందని ఆయన మా తొట్టిలో ఒకదాన్ని వదిలించి చూసి మరీ తేల్చుకున్నాడు. ఆయన తాత హయాం నుంచి ఆ మడుగు అడుగు చూసినవాడు లేడట.

తాళ్లు కట్టిన గూడలతో ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి తోడారు. నేను చొక్కా విప్పి దిగాను. నాకు ఎదురు తాడు పట్టింది మా బంట్రోతే. ఆదివారం పూట తనంత తనే వచ్చాడు. మధ్యాహ్నానికి నా అరిచేతులు బొబ్బలెక్కాయి. మోకాలి లోతు బురదలో చేపలు తపతపలాడుతున్నాయి.

గూడ ఊపుతూ ఊపుతూ బంట్రోతు అన్నాడు, "బాబూ, నాను తొట్టి నీళ్లు పారబోస్తే అన్ని తిట్లు తిట్టేరు. ఇప్పుడు తవరే సెరువు పారబోస్తన్నారు."

వేళాకోళానికే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు కూడా. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెమట తుడుచుకున్నట్టు తుడుచుకున్నాను. అతనికి తెలియక తొమ్మిది చేపలు పోయాయి. నాకు తెలిసీ ఒక మడుగు పోయింది. "ఆ రోజు నిన్ను అనవసరంగా అన్నాను" అని మాత్రం అతనితో అన్నాను. "ఏ రోజు బాబూ?" అన్నాడు.

సాయంత్రం బురద కడుక్కుంటుంటే పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. చుట్ట వెలిగించాడు.

"తవరు మనసులో ఏటీ పెట్టుకోకండి" అన్నాడు. "ఆ రోజు తవరు సెప్పేరు. ఆ దొరే ఇన్లేదు. నాను గట్టు మీంచి సూసేను గదా. ఆయన తవరేపు తిరిగేరు, తవరు నోరు తెరిచి సెప్పేరు. అయినా పోసేసేరు. పెద్దోళ్లు మన మాటింటారేటి?"

నా పెదవులు కదలడం ఆయన చూశాడు. అంత దూరానికి మాట వినపడలేదు. ఏడాదిగా ఊరందరికీ ఇదే చెప్పాడు. అందుకే ఎవరూ నన్ను తిట్టలేదు. అందుకే ఆవిడ పీట వేసింది.

అప్పుడైనా చెప్పాల్సింది. మళ్లీ నోరు తెరిచాను. ఆయన చుట్ట పొగ వదులుతూ నా వీపు మీద ఒకసారి తట్టాడు. నేను వంగి కాళ్ల బురద కడుక్కున్నాను.

కొరమేనులు తెచ్చి వదిలారు. అవి నిలదొక్కుకున్నాయి. ఆఫ్రికా చేపలు పూర్తిగా పోలేదు, పోవు కూడా. మీరిప్పుడు ఏ చెరువులో వల వేసినా అవి కనబడతాయి. కాని ఆ చెరువులో వాటి ఆట కట్టింది. ఆ మరుసటి ఏడు వల దింపే రోజులకి నాకు గుంటూరు వైపు బదిలీ అయింది. బస్సు కదలబోతుంటే పెద్దాయన ఆయాసపడుతూ వచ్చాడు. తడి గోనెలో చుట్టిన మూరెడు కొరమేను కిటికీలోంచి నా ఒళ్లో పెట్టాడు. ఇంకా కదులుతోంది.

"పొద్దున్నే వలేసేం బాబూ. తొలి సేప. మడుగు కాపుది ఇది. ఈ ఏడు తవరిదే అని అందరం అనుకున్నాం."

బస్సు కదిలింది. నేను తీసుకున్నాను. అనకాపల్లి చేరేదాకా అది నా ఒళ్లో కొట్టుకుంటూనే ఉంది. స్టేషను దగ్గర దాన్ని ఎవరికో ఇచ్చేశాను. ఎవరికిచ్చానో కూడా గుర్తులేదు.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు సర్వీసు చేశాను. పై అధికారి ఎవరైనా నన్ను ఏదైనా అడిగితే, ఒక్కోసారి వాళ్లకి విసుగొచ్చేంత వివరంగా చెప్పేవాణ్ణి. రెండు ప్రమోషన్లు ఆలస్యమయ్యాయి. అయినా ఆ ఒక్క జవాబు చెరగలేదు. కొత్తగా చేరిన మీకు దీని మీద నేను చెప్పే హితబోధేమీ లేదు. మిమ్మల్ని కూడా ఎవరో ఒకరు నీటి ఒడ్డున నిలబెట్టి చాలా సుళువైన ప్రశ్న అడుగుతారు. అప్పుడు మీరు బట్టీ పట్టుకున్న వాక్యాలు మీకు గుర్తుండాలని మాత్రం కోరుకుంటాను.

మేడ మీద అమ్మాయి ఇందాక మళ్లీ వచ్చింది. తొట్టిలో నీళ్లు నింపారట, చేపలు వెయ్యలేదట. ఎన్నాళ్లాగాలని అడిగింది. నీళ్లు పాతబడేదాకా ఆగమన్నాను.

పెద్దాయన ఇప్పుడు ఉండే అవకాశం లేదు. ఆయన మనవలెవరైనా చదువుకుని ఇది చూస్తే, ఈ చివరి మాట వాళ్లకి. మీ తాత గట్టు మీద నుంచి చూసింది నిజం, నేను నోరు తెరిచాను. కాని మీరు ఇంట్లో విన్నది నిజం కాదు. నేను చెప్పలేదు. లోకల్ చేపలున్నాయా అని ఆయన అడిగితే, పెద్దగా ఏమీ లేవు సార్ అన్నాను. ఆ తొలి చేప నాది కాదు.